మామ్మగారు తీసేసిన పెట్టె

డాలస్‌లో టెలిమెట్రీ వార్డు, అంటే పేషెంట్ల గుండె లయను దూరం నుంచి కనిపెట్టే వార్డు నర్సుగా నాకిది ఆరో ఏడు. ఛాతీ మీద ఐదు స్టిక్కర్లు, ఐదు రంగుల వైర్లు, అరచేతిలో పట్టే ట్రాన్స్‌మిటర్ ఒకటి. దాన్ని గౌను జేబులో వేసుకుని పేషెంటు వరండాలో హాయిగా నడవొచ్చు, గుండె గీత మాత్రం వేరే గదిలో తెరల ముందు కూర్చున్న మానిటర్ టెక్నీషియన్‌కి (మేం టెక్ అంటాం) కనిపిస్తూనే ఉంటుంది. పళ్ళు తోముకుంటే వైర్లు కదిలి ఆ గీత అచ్చం ప్రాణాంతకమైన లయలా కనిపిస్తుంది. మొదటి నెలలో అలా ఎన్నిసార్లు పరిగెత్తానో!

ఆ రాత్రి మూడింటికి టెక్ ఫోన్ చేసి "పన్నెండో రూంలో లీడ్స్ ఊడాయి" అన్నాడు, అంటే ఆ వైర్లే. పక్క రూంలో మందులు ఇస్తున్నాను, స్టిక్కరే కదా అనుకుని పది నిమిషాలాగి వెళ్ళాను. గుంటూరు నుంచి కొడుకు దగ్గరికొచ్చి, కళ్ళు తిరిగి పడిపోయిన మామ్మగారు. వైర్లన్నీ పీకి, పెట్టెను సొరుగులో దాచేశారు.

"నిద్దట్లో షాక్ కొడితే ఎట్లా అమ్మాయ్?"

పగలు ఫోన్లో దుబాసీని పెట్టి ఈ పెట్టె గురించి చెప్పారట, ఈవిడ అన్నిటికీ తల ఊపారట.

"ఇది మీ గుండె కొట్టుకోవడాన్ని అక్కడికి పంపుతుందంతే మామ్మగారూ, మీ ఒంట్లోకి కరెంటు పంపదు."

"రాత్రంతా చూస్తారా?" అన్నారు. చూస్తారన్నాను. గౌను తనే సర్దుకుని స్టిక్కర్లు పెట్టించుకున్నారు.

ఐదింటికి మళ్ళీ ఫోన్. ఐదు సెకన్ల పాటు గుండె కొట్టుకోలేదు, తర్వాత దానంతటదే అందుకుంది. పేస్‌మేకర్ వేయాలన్నారు డాక్టరు.

పొద్దున కొడుకు, మా ఫోన్ల వల్ల సిగ్నల్ పోతుందా అని అడిగాడు. మంచి ప్రశ్నే. 1998లో ఇదే ఊళ్ళో ఒక టీవీ స్టేషన్ డిజిటల్ ప్రసారం పరీక్షిస్తే ఆసుపత్రి మానిటర్లు దెబ్బతిన్నాయి, ఆ తర్వాతే 2000లో అమెరికాలో రేడియో తరంగాల వాడకాన్ని నియంత్రించే ఎఫ్‌సీసీ ఈ పరికరాలకు 608-614 మెగాహెర్ట్జ్ లాంటి రేడియో బ్యాండ్లు కేటాయించింది. మా పెట్టెలు వాటిలోనే పనిచేస్తాయి, ఫోన్లు వేరే చోట, భయపడక్కర్లేదని చెప్పాను.

నేను ఆలస్యం చేసిన ఆ పది నిమిషాల్లో మామ్మగారి గుండె ఎలా కొట్టుకుందో మాత్రం ఏ రికార్డులోనూ లేదు. ఇప్పుడు లీడ్స్ ఊడాయని ఫోనొస్తే చేతిలో పని పక్క నర్సుకి అప్పజెప్పి ముందు అక్కడికే వెళ్తున్నాను.