గ్రాఫులో పొడవైన పట్టీ

అణు రియాక్టర్‌లో ఇంధన కడ్డీని ఆవిరి పొర కమ్మేసి, నీరు వేడిని లాగలేని స్థితికి చేరే హద్దును, అంటే క్రిటికల్ హీట్ ఫ్లక్స్‌ను, అంచనా వేయడానికి నేను ప్రయోగాల పట్టికతో శిక్షణ ఇచ్చిన కంప్యూటర్ మోడల్ చాలా కచ్చితంగా పనిచేస్తోందని సంబరపడ్డాను. రాత్రి తిరుపతిలోని హాస్టల్ గదిలో, 1953లో గణితవేత్త లాయిడ్ షాప్లీ ప్రతిపాదించిన, ఉమ్మడి ఫలితంలో ఒక్కొక్కరి వాటాను లెక్కగట్టే విలువల ఆధారంగా 2017లో వచ్చిన షాప్ (SHAP) పద్ధతితో, మోడల్ జవాబుపై ఏ అంశం ప్రభావం ఎంతో గ్రాఫు గీయించి చూశాను. పీడనం, నీటి ప్రవాహం, గొట్టం వ్యాసం కిందెక్కడో ఉన్నాయి. అన్నిటికన్నా పొడవైన పట్టీ, నేను తీసేయడం మరచిన ప్రయోగ వరుస సంఖ్యది. మోడల్ నేర్చుకున్నది భౌతికశాస్త్రం కాదు, పట్టికలోని క్రమం! రియాక్టర్ భద్రతకు సంబంధించిన పనిలో కారణం తెలియని జవాబును, అది సరైనదే అయినా, నేనిక నమ్మలేను. శేషాచలం మీద తెల్లవారుతుండగా ఆ సంఖ్యను తొలగించి మళ్ళీ శిక్షణ ఇచ్చాను. కచ్చితత్వం తగ్గింది, పీడనం పైకి వచ్చింది. రెండు గ్రాఫులనూ సోమవారం మా గైడ్ గారికి చూపిస్తాను.