పల్లీలే నా టీఎల్ఎం

నిన్న రాత్రి తొమ్మిదిన్నరకు గ్రూప్‌ల మెసేజ్ పడ్డది, రేపు మధ్యాహ్నం చుట్టుపక్కల బడుల సోషల్ టీచర్లకు కాంప్లెక్స్ మీటింగ్, అందరు ఒక టీఎల్ఎం, అంటే పాఠం చెప్పనీకె పనికొచ్చే వస్తువు, పట్టుకొని రావాలె అని. గా టైముకు టీఎల్ఎం ఏడికెళ్లి తేవాలె? వంటింట్లకు పోతే వేంచిన పల్లీల డబ్బా కనపడ్డది. సరే ఇదే అనుకొని ఓ కవర్ల పోసి బ్యాగుల పెట్టుకున్న, మా ఆయన చూసి బడికి పోతున్నవా సినిమాకు పోతున్నవా అన్నడు.

పొద్దుగాల హన్మకొండ బస్టాండ్‌ల ములుగు రోడ్డు బస్సెక్కి నిలబడే పోయిన. ఆడోళ్లకు ఫ్రీ బస్సు మహాలక్ష్మి వచ్చినకాడికెళ్లి జీరో టికెట్ అయితే ఉన్నది గని సీటే ఉంటలేదు.

సెకండ్ పీరియడ్ ఏడో తరగతి, కాకతీయుల పాఠం. వరంగల్ పక్కకే ఉన్న పిల్లలు కదా వీళ్లకు అన్ని తెలుసనుకుంటం. తెలిసేదేందంటే వేయిస్తంభాల గుడికాడ ఫోటోలు దిగుడు, రామప్ప గుడి ఇటుక నీళ్లల్ల తేలుతది, 2021ల యునెస్కో గుర్తింపు వచ్చింది, గంతే, బిట్ పేపర్ లెక్క గడగడ చెప్తరు. మరి ఇంత పెద్ద గుళ్లు, పాఖాల అసొంటి చెరువులు కట్టనీకె రాజుకు పైసలు ఏడికెళ్లి వచ్చినయిరా అంటే మాత్రం సప్పుడు లేదు. అందుకే ఇయ్యాల పుస్తకం మూసి మోటుపల్లి శాసనం ఎత్తుకున్న. గణపతిదేవుడు 1244ల సముద్రం ఒడ్డున మోటుపల్లి రేవుల వేయించిన అభయ శాసనం అది, వీరభద్రస్వామి గుడిల స్తంభం మీద ఉన్నది. అంతకుముందు రాజులు ఏం చేసేటోళ్లంటే, తుఫానుకు ఓడ పలిగి ఒడ్డుకు కొట్టుకొస్తే అందులున్న సరుకంత గుంజుకునేటోళ్లు. ఈయన వచ్చి ప్రాణాలకు తెగించి సముద్రం మీదికెళ్లి వచ్చేటోళ్ల దగ్గర గట్ల చెయ్యద్దు, లెక్క ప్రకారం సుంకం ఇస్తే చాలు, మిగిలింది మీదే అన్నడు. ముప్పైకి ఒకటి సుంకం.

ఇగ పల్లీలు తీసిన. ఎనిమిది గ్రూపులు చేసి ఒక్కో గ్రూపుకు ముప్పై లెక్కపెట్టి ఇచ్చిన, అదే మీ ఓడల సరుకు, రేవుకు రాంగనే అందుల ఒక్కటి రాజుకు కట్టాలె. సుంకం వసూలుకు వెనక బెంచి పిల్లగాన్ని పెట్టిన. ఎనిమిది రావాలె కదా, నా టేబుల్ మీదికి మూడే వచ్చినయి. అడిగితే నవ్వుతున్నడు, నోట్లె ఇంకా నములుతనే ఉన్నడు. రాజుకు చేరేలోపల సుంకం ఏమైతదో నేను వేరే చెప్పాల్సిన పని లేకుండ పోయింది.

గని అసలు సంగతి తర్వాత జరిగింది. ఓడ పలిగిపోయినోని సరుకు రాజు గుంజుకునుడు ఎంత అన్యాయమో చెప్తుంటే, ఎప్పుడు నోరు విప్పని పిల్ల లేచి, "మేడం, మా మామ డీసీఎం బండి బోల్తా పడ్డప్పుడు టమాటలన్ని జనం సంచులల్ల నింపుకపోయిన్రు, మామ కాలు ఇరిగి రోడ్డు మీదనే పడున్నడు, గట్లనేనా?" అన్నది. క్లాసంత ఒక్కసారి సప్పుడు బందైంది. గట్లనే బిడ్డా అన్న. ఇన్నేండ్లల్ల ఈ శాసనాన్ని ఇంతకన్న మంచిగ ఎవరు చెప్పంగ నేనైతే వినలే.

మధ్యాహ్నం మీటింగ్. ఆరో తరగతి పిల్లల బెంచీలల్ల మోకాళ్లు ఇరికించుకొని రెండు గంటలు కూసున్నం. స్లైడ్ మీద పెద్ద అక్షరాలతోటి 'చేస్తూ నేర్చుకోవడం'. ట్రైనింగ్ ఇచ్చే ఆర్పీ సార్ మంచోడే, ఆయనను అనుడెందుకు, పైనుంచి వచ్చిన పీపీటీ ఆయన చదివిండు, మేము విన్నం, సంతకాలు పెట్టినం. నేను కొన్నేండ్ల కింద మాదాపూర్‌ల సీసీఆర్టీ (టీచర్లకు కళలు, సంస్కృతి నేర్పే సంస్థ) ట్రైనింగ్‌కు పోయినప్పుడు మట్టి పిసికినం, తోలుబొమ్మలు చేసినం, గోల్కొండ గోడల వెంబడి తిరిగినం. ఆ చేతులకంటిన మట్టి ఇప్పటికి నా క్లాసుల పనికొస్తున్నది, ఈ స్లైడ్లు మాత్రం బస్సెక్కేలోపల్నే మర్చిపోయిన.

చాయ్ టైముకు పక్క మండలం అక్క ఒకామె కలిసింది, వచ్చే ఏడు రిటైర్మెంట్. సైన్స్ వాళ్లకు ఇన్‌స్పైర్ అవార్డు ఉన్నది, పిల్లగాని ఐడియా సెలెక్ట్ అయితే పది వేలు వస్తయి, మనకేమున్నది చెల్లె అన్నది. ఎన్ఎంఎంఎస్ స్కాలర్‌షిప్ పరీక్ష ఉన్నది కదా అక్కా అన్న. ఆ పరీక్ష కోచింగ్ అంటే మా బడిల కూడ మ్యాథ్స్ సార్‌కే ఇస్తరు. అందుల సబ్జెక్టుల మీద ఉండే శాట్ పేపర్‌ల 90 ప్రశ్నలుంటే సైన్స్ 35, సోషల్ 35, మ్యాథ్స్ 20 మాత్రమే. ఇది చెప్తే మా హెచ్ఎం సార్ పాత పేపర్ తీసి వేలు పెట్టి లెక్కపెట్టినంకనే నమ్మిండు. ఎనిమిదిల రాసి కొడితే తొమ్మిది నుంచి ఇంటర్ దాక ఏడాదికి 12,000 వస్తయి, కూలికి పోయే ఇంట్ల ఆడపిల్ల చదువు ఆగకుండ ఉండనీకె గవి చిన్న పైసలా? అక్క కూడ రేపటికెళ్లి సాయంత్రం ఓ గంట పెడుత అన్నది. ఇయ్యాల మీటింగ్‌ల నాకు దొరికింది గా పది నిమిషాలే.

మాట్లాడుకుంట మాట్లాడుకుంట మిగిలిన పల్లీలు సార్లు మేడంలు అందరం చాయ్‌ల మీదికి నమిలినం. పోయేముందు ఎవలి టీఎల్ఎం వాళ్లు ఫోటో తీసి గ్రూప్‌ల పెట్టాలె అన్నరు. కవర్ల చూస్తే పొట్టు ఉన్నది. పొట్టునే టేబుల్ మీద పోసి ఫోటో కొట్టి, కింద 'మోటుపల్లి శాసనం, 7వ తరగతి' అని రాసి పెట్టిన. ఇప్పటిదాక పదకొండు థంబ్స్ అప్‌లు వచ్చినయి.