మూడు అడుగుల్లో తిరిగొచ్చే సంఖ్య

సున్నాకీ ఒకటికీ మధ్య ఒక సంఖ్య తీసుకోండి. సగం దాటకపోతే రెట్టింపు చేయండి, దాటితే 1లోంచి తీసేసి, మిగిలినదాన్ని రెట్టింపు చేయండి. 2/7తో మొదలుపెడితే 4/7, తర్వాత 6/7, మళ్లీ 2/7. మూడు అడుగుల్లో మొదటికొచ్చేసింది.

ఇది ఒక్కటి తెలిస్తే చాలు, నాలుగు, ఐదు, వంద, మీరు ఎన్ని అడుగులంటే అన్ని అడుగుల్లో తిరిగొచ్చే సంఖ్య కూడా ఉండి తీరుతుంది. ఈ నియమమే కానక్కర్లేదు, పెన్ను ఎత్తకుండా గీయగలిగే ఏ ఫంక్షన్‌కైనా మూడు అడుగుల చుట్టు ఒకటి ఉంటే ఇంతే. గణితజ్ఞుడు షార్కోవ్‌స్కీ 1964లోనే ఇంతకంటే పెద్ద సిద్ధాంతం ప్రచురించాడు, కానీ చాలామందికి ఈ సంగతి చేరింది 1975లో లీ, యార్క్‌ల వ్యాసంతోనే.

నాకు ప్రాణం మాత్రం దీని వెనకున్న బాణాల బొమ్మ. 2/7 నుంచి 4/7 దాకా ఎడమ ముక్క, అక్కడి నుంచి 6/7 దాకా కుడి ముక్క. ఎడమ ముక్క కొసలు 4/7కీ 6/7కీ వెళ్తాయి, మధ్యలో తెగడం లేదు కాబట్టి అది కుడి ముక్కనంతా కప్పేస్తుంది. కుడి ముక్క కొసలు 6/7కీ 2/7కీ వెళ్తాయి కాబట్టి అది రెండింటినీ కప్పుతుంది. అంటే మూడే బాణాలు: ఎడమ నుంచి కుడికి, కుడి నుంచి ఎడమకి, కుడి నుంచి తనకే. బాణాల వెంట వెళ్లి బయలుదేరిన చోటికే వచ్చే ప్రతి దారికీ, అవే ముక్కల్లోంచి నడిచి తన దగ్గరికే చేరే సంఖ్య ఒకటి దొరుకుతుంది, ఇంటర్‌మీడియట్ వాల్యూ సిద్ధాంతం (తెగని గీత రెండు విలువల మధ్యనున్న ప్రతి విలువనూ తాకి తీరుతుందనేది) పని చేసేది ఇక్కడే. నాలుగు అడుగులు కావాలా? ఎడమ, కుడి, కుడి, కుడి. వెతికితే 6/17 దొరికింది: 12/17, 10/17, 14/17, మళ్లీ 6/17. లెక్క కుదిరినప్పుడు ఎంత సంతోషమేసిందో!

ఇక మిగిలింది దారులు లెక్కపెట్టడమే. ఒకటి, రెండు, మూడు అడుగులకు వరసగా 1, 3, 4, ఆపైన 7, 11, 18, ముందు రెండూ కలిపితే తర్వాతది, అంటే లూకాస్ సంఖ్యలు. ఐదు అడుగులకు 11 దారులు, అందులో అన్నీ కుడి అయిన ఒక్కటి ఒక్క అడుగు దారినే ఐదుసార్లు తిరగడం కాబట్టి దాన్ని తీసేస్తే 10, ఒక్కో చుట్టునీ ఐదు చోట్ల నుంచి మొదలుపెట్టొచ్చు కాబట్టి నిజంగా వేరువేరు చుట్లు రెండే.

అదే ఐదు అడుగుల చుట్టుతో మొదలుపెడితే మూడు రాకపోవచ్చు. 1 నుంచి 3, 3 నుంచి 4, 4 నుంచి 2, 2 నుంచి 5, 5 నుంచి 1, ఈ బిందువులను సరళరేఖలతో కలిపి బాణాలు గీసి చూడండి. నాలుగు ముక్కలొస్తాయి, మూడు అడుగుల్లో తిరిగొచ్చే దారి మూడో ముక్క తనలో తాను తిరిగేది ఒక్కటే, అక్కడ దొరికేది ఉన్నచోటే ఉండిపోయే సంఖ్య మాత్రమే.