కీప్యాడ్ ఫోన్ ఉన్న ఇంటికి డాక్టరు ఎలా అందాలి

2020 మార్చి 25న, దేశమంతా లాక్‌డౌన్‌లోకి వెళ్లిన రోజే, టెలిమెడిసిన్ మార్గదర్శకాలు వచ్చాయి. ఫోన్‌లో చూసి మందు రాయడానికి డాక్టర్లకు స్పష్టమైన నిబంధనలు దొరికాయి. వాటిలో ఒకటి మాత్రం పేదింటికి అడ్డం పడుతుంది.

మొదటిసారి మాట్లాడే రోగికి ఉత్త ఫోన్ కాల్‌లో ‘ఓ’ జాబితా మందులే రాయాలి: పారాసెటమాల్, ఓఆర్‌ఎస్ లాంటివి. తామరకు పూసే క్లోట్రిమజోల్, కంటి చుక్కలు ‘ఎ’ జాబితాలోవి, వాటికి వీడియో ఉండాలి. చూడకుండా రాయొద్దనడం న్యాయమే. మరి కీప్యాడ్ ఫోన్ ఒక్కటే ఉన్న ముసలమ్మ ఏం చెయ్యాలి?

ఆమెకు దారి ఊళ్లోని ఆరోగ్య సబ్‌సెంటర్. అక్కడి ఆరోగ్య కార్యకర్త రోగిని పక్కన కూర్చోబెట్టుకుని, ప్రభుత్వ టెలిమెడిసిన్ సేవ ఈ-సంజీవనిలో హబ్ డాక్టరుకు, అంటే దూరంగా పెద్ద కేంద్రంలో ఉండే డాక్టరుకు, వీడియో కలపొచ్చు. ఈ పద్ధతి 2019 నవంబర్‌లో మొదలైంది, ఆంధ్రప్రదేశ్ ముందుగా అమలు చేసింది. ఇంటినుంచే మాట్లాడే ఓపీడీ 2020 ఏప్రిల్‌లో వచ్చింది కానీ, దానికి స్మార్ట్‌ఫోనూ సిగ్నలూ రెండూ కావాలి. అందుకే యాప్ కన్నా ముందు సబ్‌సెంటర్‌లో బీపీ మిషను, గ్లూకోమీటరు స్ట్రిప్పులు, ఆక్సిమీటరు బ్యాటరీలు చూసుకోవాలి. అవి లేకపోతే వీడియోలో డాక్టరుకు కనిపించేది మొహం ఒక్కటే.

ఆక్సిమీటరు దగ్గర తప్పులు ఎక్కువ. తెరమీద రెండు అంకెలుంటాయి, ఒకటి ఆక్సిజన్, రెండోది నాడి. నాడి 88 ఉంటే ఆక్సిజన్ 88 అని చదివి ఇంటిల్లిపాదీ హడలిపోతారు. తలకిందులుగా చూస్తే 98 కాస్తా 86 అవుతుంది! గోళ్ల రంగు తుడిచి, చల్లబడిన చేతిని రుద్ది వేడి చేసి, 5 నిమిషాలు కూర్చున్నాక పెట్టాలి. అంకె నిలకడపడేదాకా కనీసం ఒక నిమిషం వేలు కదపకూడదు. చర్మం నల్లగా ఉన్నవాళ్లకు ఉన్నదానికన్నా కాస్త ఎక్కువ చూపించవచ్చు, కాబట్టి ఆయాసం ఉంటే అంకెను నమ్ముకుని ఇంట్లో కూర్చోవద్దు.

కూర్చుని ఉన్నప్పుడు బాగానే ఉంటే గదిలో 6 నిమిషాలు నడిపించి మళ్లీ చూడాలి. ఆక్సిజన్ 93 కన్నా తగ్గినా, 3 పాయింట్లకు మించి పడినా ఆసుపత్రికే. ముందే ఆయాసపడుతున్నవాళ్లను నడిపించకుండా 108కి ఫోన్ చెయ్యాలి.

కాల్ చేసేటప్పుడు పాత చీటీ చేతిలో ఉంచుకోండి. 6 నెలల్లోపు అదే జబ్బుకు ఆ డాక్టరును నేరుగా కలిసి ఉంటే అది ఫాలో-అప్ కిందికి వస్తుంది. అప్పుడు బీపీ మందుకు ఇంకో బిళ్ల జోడించాలన్నా ఉత్త ఫోన్ కాల్ సరిపోతుంది.