1:300 లో జలాంతర్గాములు: కరెంటు పైపులు, పొణికి చెక్క, ఒక చిన్న తూకం మిషను

జూన్

చిన్న దేశాల జలాంతర్గాముల మోడళ్లు, పెద్ద దేశాలవాటి మోడళ్లు ఒకే స్కేల్లో చేసి పక్కపక్కన పెట్టి చూడాలని నా కోరిక, మొదలు స్వీడన్‌తో. ముందు స్కేలు తేలాలి. ప్లాస్టిక్ కిట్లు చేసేవాళ్లు జలాంతర్గాములకి ఎక్కువగా 1:350 వాడతారు. నేను కిట్లు కొనకుండా పైపులతోనే చేద్దామనుకున్నాను కాబట్టి నా లెక్క బజార్లో దొరికే పైపు నుంచి మొదలైంది. స్వీడన్ వాళ్ల గోట్లాండ్ తరగతి (తరగతి అంటే ఒకే నమూనాలో కట్టిన జలాంతర్గాములు) పొడవు 60.4 మీటర్లు, వెడల్పు 6.2. దాన్ని 1:350 కి తగ్గిస్తే వెడల్పు 17.7 మిల్లీమీటర్లు వస్తుంది. ఆ లావు పైపు గవర్నర్‌పేట అంతా తిరిగినా దొరకదు. 1:300 అయితే 20.7. ఇంట్లో వైరింగుకి వేసే కాండ్యూట్ పైపు బయటి కొలత 20. పుట్టీ, ప్రైమర్ కోట్లు పడ్డాక ఆ తేడా కనిపించదు.

అక్కడి నుంచి మిగతావి కూడా ఒక్కొక్కటే కుదిరాయి. సింగపూర్ ఇన్విన్సిబుల్ (70 మీటర్లు, వెడల్పు 6.3) 21 మిల్లీమీటర్లు అవుతుంది, అరంగుళం యూపీవీసీ 21.3. విశాఖ బీచ్‌లో మ్యూజియంగా ఉన్న కుర్సురా వెడల్పు 7.5, అంటే సరిగ్గా 25 కాండ్యూట్. మన సింధుఘోష్, అదే రష్యా వాళ్ల కిలో, 9.9 మీటర్లు, 33 కావాలి, అంగుళం యూపీవీసీ 33.4 ఉంది. అమెరికా వర్జీనియాకి 34.7 కావాలి, అంగుళంపావు సీపీవీసీ 34.9. అమెరికాదే ఒహాయోకి 42.7, అంగుళంపావు యూపీవీసీ 42.2. ఇంత బాగా కుదిరాక ఇంకో స్కేలు గురించి ఆలోచించలేదు.

ఎవరైనా మొదలుపెడితే ఒక్క జాగ్రత్త. పైపు మీద రాసిన పేరు నమ్మొద్దు, వెర్నియర్ జేబులో పెట్టుకుని వెళ్లండి. అరంగుళం యూపీవీసీ బయటి కొలత 21.3 అయితే అరంగుళం సీపీవీసీ 15.9 మాత్రమే. పేరు ఒకటే, పైపులు వేరు. ఒక అడుగు ముక్క చాలు అంటే షాపువాళ్లు విసుక్కుంటారు. ప్లంబర్ల దగ్గర మిగులు ముక్కలు ఊరికే దొరుకుతాయి.

స్వీడన్‌నే ఎందుకు అంటే, జనాభా కోటి దాటిందంతే, మన రాష్ట్రంలో అయిదో వంతుకి కాస్త అటూ ఇటూ. అయినా జలాంతర్గామిని తనే డిజైన్ చేసుకుని తన కాకమ్స్ యార్డులో తనే కట్టుకునే దేశం. ఆ పని చేతనైన దేశాలు ప్రపంచంలో కొన్నే. ఇప్పుడు వాళ్ల దగ్గర ఉన్నవి నాలుగు: గోట్లాండ్, ఉప్‌లాండ్, హాలాండ్, ఇంకొంచెం పాతదైన సోడర్‌మన్‌లాండ్. రెండు కొత్తవి, బ్లెకింగె తరగతి, కట్టడంలో ఉన్నాయి.

జులై

ముక్కు, తోక. పైపు ఒళ్లు సిద్ధంగానే ఉంటుంది, పనంతా రెండు చివర్లలోనే. ముక్కులకి కొండపల్లి బొమ్మలు చేసే తెల్ల పొణికి వాడుతున్నాను. తేలిక, మెత్తన, చాకుతోనే లొంగుతుంది. ముక్కకి మధ్యలో బోల్టు బిగించి, ఆ బోల్టుని డ్రిల్లింగ్ మిషన్‌కి పెట్టి తిప్పుతూ ముందు 120 నంబరు, తర్వాత 220, 400 ఉప్పు కాగితం పట్టిస్తే గుండ్రని ముక్కు వస్తుంది. లేత్ అక్కర్లేదు. చెక్క పొడి చాలా లేస్తుంది కాబట్టి మాస్క్ మాత్రం తప్పదు.

సందులు పూడ్చడానికి కొండపల్లి పద్ధతిలో మక్కు కూడా చేశాను. చింతగింజల బంకలో రంపపు పొట్టు కలిపే ముద్ద అది. చెక్కకి చెక్క అతకాలంటే దాన్ని మించింది లేదు, ఆరాక చెక్కలాగే అరుగుతుంది. పీవీసీ మీద మాత్రం పట్టదు. పైపుకీ చెక్కకీ మధ్య ఎం-సీల్ పెట్టి, మిగతా చోట్ల మక్కు వాడుతున్నాను. వానాకాలంలో మక్కు ఆరడానికి రెండింతల టైమ్ పడుతుంది. పొణికి నీళ్లు తాగుతుంది కాబట్టి పుట్టీకి ముందే రెండు కోట్లు సాండింగ్ సీలర్ కొట్టాలి.

ఒహాయో తోక పొడవైన శంకువు. అది చేత్తో కుదరదని ఆటోనగర్‌లో ఒక లేత్ షాపుకి తీసుకెళ్లాను. సబ్‌మెరైన్‌కి అన్నాను. "ఎన్ని హెచ్‌పీ సార్, బోరు ఎంత లోతు?" అని అడిగాడు. సబ్‌మెర్సిబుల్ మోటారు అనుకున్నాడు పాపం. ఫోన్‌లో బొమ్మ చూపించాక డబ్బులు తగ్గించాడు కానీ, వచ్చిన కస్టమర్లందరికీ ఆ ముక్క చూపించి నవ్వుతూనే ఉన్నాడు.

చుక్కానికి పాత ఏటీఎం కార్డులు. మందం 0.76 మిల్లీమీటర్లు, కత్తెరతో తెగుతుంది, ఫెవిక్విక్‌తో అంటుతుంది. ఒహాయోకి తోక రెక్కలు కూడిక గుర్తులాగా ఉంటాయి. గోట్లాండ్‌కి, ఇన్విన్సిబుల్‌కి ఇంటూ గుర్తులాగా. చూడ్డానికి సోకులా ఉంటుంది కానీ పనికొచ్చే సోకు. రెక్కలు ఒంటి కొలత దాటి కిందికి పొడుచుకు రావు, అందుకని నేలకి బాగా దగ్గరగా తిరగొచ్చు, అవసరమైతే నేల మీద కూర్చోవచ్చు. వాళ్ల సముద్రం ఎంత లోతో తెలిశాక ఇది ఇంకా బాగా అర్థమవుతుంది. దాని గురించి కింద రాస్తాను.

ఆగస్టు

ఈ నెలంతా తూకం. నాకు ఈ పనిలో బాగా నచ్చింది ఇదే.

వరసగా పెట్టి చూస్తే గోట్లాండ్ 20 సెంటీమీటర్లు, ఒహాయో 57. మూడు రెట్లు కూడా లేదు, "ఇంతేనా" అనిపిస్తుంది. కంటికి పొడవే ముందు కనిపిస్తుంది, తేడా మాత్రం లావులో ఉంది. అందుకని ఒక్కోదాన్ని దాని అసలు బరువుకి తగ్గట్టు నింపుతున్నాను. 300 ని మూడుసార్లు గుణిస్తే 2 కోట్ల 70 లక్షలు. నీటి అడుగున ఉన్నప్పటి టన్నుల్ని గ్రాముల్లోకి మార్చి దాంతో భాగిస్తే (అంటే టన్నుల్ని 27 తో భాగిస్తే) మోడల్ బరువు గ్రాముల్లో వచ్చేస్తుంది. గోట్లాండ్ 1,599 టన్నులు, 59 గ్రాములు. ఇన్విన్సిబుల్ 2,200 టన్నులు, 81. కిలో 3,076 టన్నులు, 114. వర్జీనియా 7,900 టన్నులు, 293. ఒహాయో 18,750 టన్నులు, 694.

బరువుకి వలలకి కట్టే సీసపు గుండ్లు తీసుకున్నాను. పైపు లోపల దూది కుక్కి, మధ్యలో గుండ్లు పోసి, మళ్లీ దూది. లేకపోతే గలగలమంటాయి. సీసం ముట్టుకున్నాక చేతులు సబ్బుతో కడుక్కోవాలి, పిల్లల్ని దగ్గరికి రానివ్వకూడదు. తూకానికి 0.1 గ్రాము చూపించే చిన్న మిషను చాలు. గోట్లాండ్‌కి పైపు ముక్కే చాలా బరువు తినేస్తుంది కాబట్టి గుండ్లు పెద్దగా పట్టవు. పైపు పల్చటి రకం, అంటే లైట్ కాండ్యూట్ అడిగి తీసుకోండి.

అన్నీ అయ్యాక స్వీడన్ నౌకాదళంలోని నాలుగు జలాంతర్గాముల్నీ ఒక చేతిలో, ఒక్క వర్జీనియాని ఇంకో చేతిలో పెట్టుకుని చూశాను. నాలుగూ కలిపి 235 గ్రాముల లోపే. వర్జీనియాయే బరువు. ఆ తేడా చేతికి తెలిసినంతగా ఏ పట్టికలోనూ తెలియలేదు.

మా బావమరిది అప్పుడే వచ్చాడు. ఒహాయోని చేతిలో ఊపి చూసి, "అమెరికా దగ్గర ఇలాంటివి డెబ్బై దాకా ఉన్నాయంటావు, వీళ్ల దగ్గర నాలుగు. ఇంక పోలికేంటి బావా?" అన్నాడు.

న్యాయమైన ప్రశ్నే. ఇంకో మాట కూడా ఉంది: నాలుగంటే నాలుగూ సముద్రంలో ఉండవు. ఒకటి పనిలో, ఒకటి శిక్షణలో, ఒకటి మరమ్మతులో ఉంటుందన్నది పాత లెక్క. బ్రిటన్ దగ్గర వాన్‌గార్డ్ తరగతివి నాలుగున్నాయి. అన్నీ కలిపి వాళ్లు హామీ ఇచ్చేది ఎప్పుడూ ఒకటి గస్తీలో ఉంటుందనే. బంగ్లాదేశ్ చైనా నుంచి తీసుకుని 2017 లో దళంలో చేర్చుకున్నవి రెండు మింగ్ తరగతి జలాంతర్గాములు, నవజాత్ర, జయజాత్ర. అందులో ఒకటి డాక్ ఎక్కితే దళం సగమైపోతుంది. మయన్మార్‌ది ఇంకా చిత్రం: వాళ్ల మొదటి జలాంతర్గామి మన సింధువీర్. విశాఖలో హిందుస్తాన్ షిప్‌యార్డ్‌లో బాగుచేసి 2020 లో ఇచ్చాం. నా దగ్గర రెండు దేశాలకీ ఒకే 33.4 పైపు సరిపోయింది, జెండా మార్చుకుంటే చాలు.

కాబట్టి అంకెలతో అయితే పోలిక లేదు, బావమరిది చెప్పిందే నిజం. కానీ అంకెల పక్కన సముద్రాన్ని కూడా అదే స్కేల్లో పెట్టాలి కదా.

సెప్టెంబర్

బాల్టిక్ సముద్రం సగటు లోతు దాదాపు 55 మీటర్లు. 1:300 లో 18 సెంటీమీటర్లు. నా ఒహాయో పొడవు 57. అంటే సముద్రం లోతుకి మూడింతల పొడవు జలాంతర్గామి. ముక్కు కొంచెం ఎక్కువ కిందికి వంచితే నేలకి గుద్దుకుంటుంది, పైకి వంచితే తోక నేలకి, ముక్కు గాలికి. గోట్లాండ్‌కి అదే నీళ్లలో మసలడానికి చోటుంది. ఆ ఇంటూ చుక్కాని ఇక్కడికే పనికొచ్చేది. 1981 అక్టోబర్‌లో సోవియట్ జలాంతర్గామి ఒకటి స్వీడన్ నౌకా స్థావరం కార్ల్స్‌క్రోనా దగ్గర రాళ్ల మీదికెక్కి కూర్చుంది. ఆ తీరం ఎలాంటిదో చెప్పడానికి అదొక్కటి చాలు.

మలక్కా జలసంధిలో లోతు తక్కువున్న చోట 25 మీటర్లే, మన స్కేల్లో 8 సెంటీమీటర్లు. సింగపూర్ వాళ్లు ఇంతకన్నా పెద్దది ఎందుకు కొనలేదని అడగక్కర్లేదు. ఇక బంగాళాఖాతం సగటు 2,600 మీటర్లు, 1:300 లో ఎనిమిదిన్నర మీటర్ల పైన. మా అపార్ట్‌మెంట్ మూడో అంతస్తు నుంచి తాడు వదిలి కొలిచి చూపించాను. ఒహాయో ఎంత లోతుకి వెళ్తుందో అమెరికా బయటికి చెప్పే మాట "800 అడుగుల పైన" అని మాత్రమే. అంటే ఆ తాడులో పై 81 సెంటీమీటర్లు. మిగతాదంతా ఎవరూ వెళ్లని చీకటి.

గాజు పెట్టె అక్వేరియంలు చేసే షాపులో చెప్పి చేయించాను: పొడవు 70, వెడల్పు 12, ఎత్తు 22 సెంటీమీటర్లు. నీళ్లు పోయను. 18 దగ్గర సన్నటి నీలం టేపు అంటించాను, అదే నీటి మట్టం. మోడళ్లు పై నుంచి నైలాన్ దారంతో వేలాడతాయి. 694 గ్రాములకి రెండు చోట్ల దారం కట్టాలి, ఒక్క దారంతో తిరిగిపోతుంది.

గోట్లాండ్ పేరు ప్రపంచానికి తెలిసింది కూడా అమెరికా వల్లే. అమెరికా 1990 లో ఆఖరి డీజిల్ యుద్ధ జలాంతర్గామిని పక్కన పెట్టేసింది, అంతా అణుశక్తే. అలా అయ్యాక, డీజిల్ బోటుని వెతకడం ప్రాక్టీస్ చేయాలంటే సొంత దళంలో ఒక్కటీ లేదు. 2005 లో గోట్లాండ్‌ని సిబ్బందితో సహా అద్దెకి తెచ్చుకుని 2007 దాకా శాన్ డియాగోలో పెట్టుకున్నారు. విన్యాసాల్లో అది రోనాల్డ్ రీగన్ విమానవాహక నౌకని 'ముంచేసింది'. దాని స్టిర్లింగ్ ఇంజన్లు డీజిల్‌ని ద్రవ ఆక్సిజన్‌తో మండిస్తాయి. గాలి కోసం పైకి రాకుండా రెండు వారాలు అడుగునే, దాదాపు చప్పుడు లేకుండా ఉండగలదు.

ఈ కథ విని చిన్నదే గొప్పదనే వాళ్లు చాలామంది. నేను ఒప్పుకోను. అలా నిశ్శబ్దంగా వెళ్లే వేగం 5 నాట్లు, అంటే గంటకి 9 కిలోమీటర్ల పైచిలుకు. విశాఖ నుంచి పోర్ట్‌బ్లెయిర్ సుమారు 1,200 కిలోమీటర్లు. ఆ వేగంతో అయిదు రోజుల పైన. వర్జీనియా 25 నాట్లతో ఒక్క రోజు మీద రెండు గంటల్లో చేరిపోయి, తిండి అయిపోయేదాకా అక్కడే ఉంటుంది. గోట్లాండ్ తన గుమ్మంలో కాపలాకి పుట్టింది, వర్జీనియా ఇంకొకరి గుమ్మం దాకా వెళ్లడానికి పుట్టింది.

అక్టోబర్, ఇప్పుడు

ఘనపరిమాణం పరీక్ష పెట్టాను. అడుగు మూసిన 90 మిల్లీమీటర్ల పైపు ముక్క, పైన పక్కకి ఒక చిన్న నాజిల్. నిండా నీళ్లు పోసి మోడల్‌ని ముంచితే ఒలికిన నీళ్లు కొలజాడీలో పడతాయి. మిల్లీలీటర్లు, మనం లెక్కేసిన గ్రాములు దగ్గరగా వస్తే ఆకారం సరిగ్గా ఉన్నట్టే. ఒహాయో చాలా దగ్గరగా వచ్చింది. కిలో బాగా ఎక్కువ వచ్చింది, అది రావాలి కూడా. దానికి రెండు తొడుగులు. బయటి తొడుగు సందుల్లో ఊరికే నిండే నీళ్లని ఆ 3,076 లో లెక్కేయరు.

ఈ నీళ్ల లెక్కే సోవియట్ వాళ్ల టైఫూన్ జలాంతర్గామితో తలనొప్పి. పొడవు 175 మీటర్లు, వెడల్పు 23, అడుగున 48,000 టన్నులు. మోడల్ 1,778 గ్రాములు రావాలి. కానీ పైకి తేలినప్పుడు ఆ టన్నుల్లో సగమే, మిగతాది నీళ్లు. రికార్డు పుస్తకాల్లో ఉండే ఆ పెద్ద అంకెని చూసి అబ్బో అనుకునేవాళ్లకి ఇది చెప్పాలి. పెట్టె మీద రెండు బరువులూ రాయాలా, పైన తేలిన బరువుకే నింపాలా అన్నది ఇంకా తేల్చుకోలేదు. ప్రస్తుతానికి లోపల పక్కపక్కనే ఉండే రెండు ముఖ్యమైన పీడన తొడుగులకి 25 కాండ్యూట్‌లు రెండు కోసి ఉంచాను, పైన పొణికి పలకలు ఎక్కాలి.

రంగు మొత్తం మ్యాట్ బ్లాక్ స్ప్రే, కానీ పూర్తి నలుపు ఈ స్కేల్లో బొగ్గు ముక్కలా ఉంటుంది, పైన పల్చగా ముదురు బూడిద రంగు పడాలి. వాన వెలిసిన రోజు పదకొండు నుంచి మూడు మధ్యలోనే కొట్టండి. తేమలో ప్రైమర్ తెల్లగా పొంగుతుంది. తర్వాతి పని బంగ్లాదేశ్ మింగ్‌లు రెండు (76 మీటర్లు, మళ్లీ 25 కాండ్యూటే, చెరో 78 గ్రాములు), ఆ పైన కుర్సురా. దానికి ప్రొపెల్లర్లు మూడు, ఇత్తడి రేకు తెచ్చుకోవాలి.