ఇంప్లోర్ అన్న మాట తీసేయలేదు

నాన్నగారి పెన్షన్ ఆగి నాలుగు నెలలైంది. ఆఫీసుకి ఇంగ్లీషులో రెండుసార్లు 'రిక్వెస్ట్' అని రాశాను, జవాబు లేదు. మూడోసారి 'ఐ ఇంప్లోర్ యూ' (మిమ్మల్ని దీనంగా వేడుకుంటున్నాను) అని టైప్ చేసి, ఆ మాట పక్కన కర్సర్ మినుకుమంటుంటే చాలాసేపు అలాగే చూస్తూ కూర్చున్నాను.

లాటిన్‌లో 'ప్లోరారే' అంటే ఏడవడం, ఈ మాట అక్కణ్ణుంచే వచ్చింది. ఇలాంటిదే ఇంకోటి 'బిసీచ్'. 1650లో ఇంగ్లండ్ సేనాని ఆలివర్ క్రామ్‌వెల్, సైన్యంతో స్కాట్లండ్ మీదికి వెళ్ళినవాడు, అక్కడి చర్చి పెద్దలకు ఉత్తరం రాస్తూ, మీరు పొరబడి ఉండొచ్చేమో ఆలోచించండని ఆ మాటతోనే వేడుకున్నాడు. చేతిలో కత్తి ఉన్నవాడు కూడా!

మనకైతే బతిమాలడం, వేడుకోవడం, ప్రాధేయపడటం, కాళ్ళావేళ్ళా పడటం, దేని బరువు దానిది. అమ్మ గడ్డం పట్టుకుని ఇంకో ముద్ద తినమనేది బతిమాలడం, దాన్ని ఇంప్లోర్ అంటే నేను ఒప్పుకోను. ఇంప్లోర్‌కి నాకు దగ్గరగా అనిపించేది ప్రాధేయపడటమే. అందుకే లీవ్ లెటర్లో ఇది వాడకండి, సెలవుకి రిక్వెస్ట్ చాలు.

ఆ రోజు టేబుల్ మీద నాన్నగారి మందుల చీటీ ఉంది. మాట మార్చకుండా అలాగే పంపేశాను.