ఎక్కడ ఆగిపోనావురా?

ఒంటిపూట బడుల రోజుల్లో మన శ్రీకాకుళం జిల్లా ఉద్దానం పిల్లల చేతులు ఎలా ఉండేవో మన బడి పూర్వవిద్యార్థుల ఈ సంచిక చదివేవాళ్లకి నేను చెప్పక్కర్లేదు. మధ్యాహ్నం బడి వదిలేస్తే జీడితోటలోకే. పిక్కలు ఏరడం, సాయంత్రం ఇంటి దగ్గర అమ్మతో కూర్చుని కొట్టడం. ఆ తొక్కలోంచి వచ్చే నూనె తగిలిన చోట చర్మం కాలి, నల్లబడి, పొరలు పొరలుగా లేచిపోయేది. పెన్సిల్ పట్టుకుంటే మంట. తొమ్మిదో తరగతిలో ఉండగా, అక్షరాలు వంకరగా ఉన్నాయని ఒక మాస్టారు ఆ చేతుల మీదే కొట్టారు. ఆయన్ని తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు. అరవై మంది పిల్లలున్న గదిలో ఆయనకి నోటుబుక్కు కనబడింది, చెయ్యి కనబడలేదు.

ఆ తర్వాత పీరియడు లెక్కలు. మన లెక్కల మాస్టారు నా బల్ల దగ్గరకొచ్చి, పుస్తకం పక్కకి జరిపి, రెండు చేతులూ తిప్పి చూశారు. "రాత్రి ఎన్ని గంటల దాకా కొట్టినావు?" అన్నారు. పది దాటిందన్నాను. మర్నాడు వస్తూ ఒక చిన్న సీసాలో కొబ్బరినూనె తెచ్చి బల్ల మీద పెట్టారు. పిక్కలు ముట్టుకునే ముందు ఇది రాసుకో, తర్వాత కాదు, అని చెప్పారు. ఆ సీసా ఆ వేసవంతా మా వరసలో అందరి మధ్యా తిరిగింది.

ఆయన్ని నేను గుర్తుపెట్టుకున్నది మాత్రం కొబ్బరినూనె వల్ల కాదు. ఒక్క ప్రశ్న వల్ల.

మా 1995-96 పదో తరగతి బ్యాచ్‌లో ఆ ప్రశ్న వినని వాళ్లు ఉండరు. హోంవర్కు చెయ్యకపోతే మిగతావాళ్లు "ఎందుకు చెయ్యలేదు?" అనేవారు. దానికి మా దగ్గర సమాధానాలు రెడీగా ఉండేవి: జ్వరం, చుట్టాలొచ్చారు, కిరోసిన్ అయిపోయింది. మన మాస్టారు "ఎక్కడ ఆగిపోనావురా?" అనేవారు. దీనికి అబద్ధం చెప్పడం కుదరదు. పుస్తకం తీసి, వేలు పెట్టి చూపించాలి. చూపించాక ఆయన అక్కడే కూర్చునేవారు.

వర్గ సమీకరణాల దగ్గర నేను వారం రోజులు అలాగే వేలు పెట్టి చూపించాను. ఆయన వెనక్కి, ఇంకా వెనక్కి వెళ్లారు. చివరికి దొరికిందేమిటంటే, నేను ఆగిపోయింది పదో తరగతిలో కాదు, ఏడో తరగతిలో, రుణ సంఖ్యల దగ్గర. ఆ ఏడాది నాన్న పనికోసం మద్రాసు వెళ్లిపోతే రెండు నెలలు నేను సరిగ్గా బడికి రాలేదు. మైనస్‌ని తీసేస్తే ప్లస్ ఎలా అవుతుందో నాకు ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. మాస్టారు సుద్దముక్క కూడా పట్టుకోలేదు. "మీ నాన్న షావుకారికి ఐదొందలు బాకీ. రేపు షావుకారు ఆ బాకీ కొట్టేశాడనుకో. మీ ఇంటికి ఎంత మిగిలినట్టు?" అన్నారు. మూడేళ్ల నుంచి మూసుకుపోయింది అరనిమిషంలో తెరుచుకుంది. జీడిపంట మీద ముందే అప్పు తెచ్చుకున్న ఇల్లు మాదని తెలిసినాయన కాబట్టి ఆ ఉదాహరణ చెప్పగలిగారు. ఇంకో పిల్లాడికైతే ఇంకోటి చెప్పేవారు. శాతాల లెక్కల్లో గోధుమలూ ఆపిల్ పళ్లూ తీసేసి, 80 కిలోల పిక్కల బస్తాకి 20 కిలోల పప్పు దిగితే అని మొదలుపెట్టేవారు. అప్పుడు వెనక బెంచీ కూడా నోరు విప్పేది.

మన మాటని ఆయన ఎప్పుడూ ఎగతాళి చెయ్యలేదు. "ఏటి", "ఎల్లిపోనాను" అంటే నవ్వే వాళ్లని ఆపి గిడుగు రామమూర్తి పంతులుగారి సంగతి చెప్పేవారు. 1863లో మన శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టి, పర్లాకిమిడిలో మాస్టారుగా పనిచేసినాయన. సవర గిరిజనుల పిల్లలకి చదువు చెప్పాలనుకుని ముందు తానే సవర భాష నేర్చుకున్నారు, ఆ భాష తెలిసిన మనిషిని ఇంట్లో పెట్టుకుని మరీ. తర్వాతే వాళ్ల భాషలో వాచకాలు రాశారు. "ముందు ఆయన విద్యార్థి అయినాడు" అనేవారు మాస్టారు. ఆ వయసులో మాకు అది ఒక కథ, అంతే.

నేను విద్యుత్ శాఖలో చేరాక చాలా ఏళ్లు ఇవన్నీ మర్చిపోయాను. మా పనిలో రోజు మొదలయ్యేదే "ఎందుకు కాలేదు?"తో. పైవాళ్లు మమ్మల్ని అడుగుతారు, మేం కిందివాళ్లని అడుగుతాం. జవాబు చెప్పేవాడు తన తప్పు లేదని చూపించుకోవడానికే చూస్తాడు. అసలు ఇబ్బంది అక్కడే ఉండిపోతుంది.

2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను మన పలాస దగ్గర తీరం దాటింది. అప్పటికి నేను విజయనగరం జిల్లాలో ఏఈని, అంటే అసిస్టెంట్ ఇంజనీరుని. నా మనుషులతో ఉద్దానం పంపారు. పుట్టి పెరిగిన ఊళ్లని గుర్తుపట్టలేకపోయాను. కొబ్బరి చెట్లు మొదలంటా పడిపోయి ఉన్నాయి, జీడితోటలు తిరగబడి వేళ్లు ఆకాశం చూస్తున్నాయి. స్తంభాలు వరసగా నేలమీద. కరెంటు లేక బోర్లు పనిచెయ్యవు, తాగడానికి నీళ్లు లేవు. రాత్రింబవళ్లు పని. నిద్ర లేదు. ఫోన్లు ఆగవు. ఆ టెన్షన్‌లో నా నోట్లోంచి మాట మంచిగా వచ్చిన రోజు లేదు.

నాలుగో రోజో ఐదో రోజో, ఒక ఊరి చివర 11 కేవీ లైను మీద పని. మా లైన్‌మన్ స్తంభం కింద నిలబడిపోయాడు. ఎక్కడు. పది నిమిషాలైంది. జనం చుట్టూ చేరారు. "ఎందుకెక్కవు? అందరి ముందూ పరువు తీస్తావా?" అని అరిచాను. అతను తలొంచుకుని బెల్టు కట్టుకోవడం మొదలుపెట్టాడు. ఆ బెల్టు బిగిస్తున్న చేతులు చూశాను. వణుకుతున్నాయి. ఎందుకో ఆ బల్లా, తిప్పి చూసిన నా చేతులూ కళ్లముందుకొచ్చాయి. దగ్గరకెళ్లి, గొంతు తగ్గించి, "ఎక్కడ ఆగిందయ్యా?" అన్నాను.

"సార్, ఆ వీధిలో జనరేటర్ తిరుగుతంది. మన ఎర్త్ రాడ్లు రెండో గ్యాంగు పట్టుకెళ్లిపోనారు."

నాకు ఒళ్లు చల్లబడింది. సబ్‌స్టేషన్‌లో లైను ఆపించి, ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే పని చేసుకోవచ్చన్న అనుమతి) తీసుకున్నాం కాబట్టి తీగలో కరెంటు లేదని నా ధీమా. కానీ ఇంటి మెయిన్ ఆపకుండా జనరేటర్ కలిపితే, ఆ కరెంటు సర్వీసు వైరులోంచి వెనక్కి ట్రాన్స్‌ఫార్మర్‌కి వెళ్లి, అవతలి వైపు వేల వోల్టులై లైనులోకి ఎక్కుతుంది. చచ్చిన తీగ అనుకుని పట్టుకున్నవాడు మిగలడు. అందుకే పనిచేసే చోటికి రెండు వైపులా మూడు తీగలనీ కలిపి ఆ ఎర్త్ రాడ్లతో భూమికి కట్టాలి. ఆ సంగతి అతనికీ తెలుసు, నాకూ తెలుసు. అతను చెప్పకపోవడానికి కారణం ఒకటే: చెబితే బద్ధకమంటానని. నాలుగు రోజులుగా నేను అందరినీ అదే అంటున్నాను.

రాడ్లు తెప్పించి, జనరేటర్ ఆపించి, అతన్ని ఎక్కించేసరికి గంటన్నర పట్టింది. పైనుంచి ఫోన్లొచ్చాయి. గంటన్నర పడుతుందని చెప్పాను, అంతే. సాయంత్రం టీ తాగుతుంటే తెలిసింది, అతనిదీ పక్క మండలమేనని, ఇంటి పైకప్పు ఎగిరిపోయిందని, తల్లి బడిలో తలదాచుకుందని. ఇన్ని రోజులూ నా పక్కనే పనిచేస్తున్న మనిషి. ఆ రాత్రే జీపులో అతన్ని ఇంటికి పంపాను. మర్నాడు మధ్యాహ్నానికి తిరిగొచ్చేశాడు.

మొన్న సంక్రాంతికి శ్రీకాకుళంలో మాస్టారి ఇంటికెళ్లాను. చూపు తగ్గింది, గొంతు అలాగే ఉంది. ఈ కథంతా చెప్పాను. ఆయన తనమీద పొగడ్త ఏమీ పట్టించుకోలేదు. ఎర్త్ రాడ్డు ఎలా ఉంటుందో అడిగారు, మూడు తీగలూ ఎందుకు కలపాలో అడిగి చెప్పించుకున్నారు. తర్వాత, "ఆ అబ్బాయి ఇప్పుడెక్కడున్నాడు?" అన్నారు.

ఇంకా నా దగ్గరే పనిచేస్తున్నాడని, కూతురు ఏడో తరగతి అని చెప్పాను.

"లెక్కలెలా చేస్తందట?"

నాకు తెలియదు. ఆయన అరుగు మీద నుంచే అతనికి ఫోన్ చేశాను.